కదలకు బాబాయి కంటి చుక్కలు

మా బాబాయికి పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది కరెంటు బిల్లుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. వీధి మొత్తానికి ఆయన 'కదలకు'. కుర్చీలో కూర్చున్నవాడు ఊపిరి పీలిస్తే "కదలకు" అంటాడు. భయపడి ఊపిరి బిగబట్టినా "కదలకు" అనే అంటాడు. ఓసారి దుకాణం గోడ గడియారం ఆగిపోతే, దాన్ని కూడా బాబాయే "కదలకు" అని ఉంటాడని నేను ఊరంతా చెప్పొచ్చాను. ఆ వారం నాకు జుట్టు కత్తిరించడం మానేశాడు.

బస్సులు మలుపు తిరిగేచోట, పళ్ల దుకాణానికీ చెప్పులు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుపోయిన సన్నటి గది ఆయన సెలూన్. అందులో రెండు కుర్చీలున్నాయి. ఒకటి పనిచేస్తుంది. రెండోది ఓసారి వెనక్కి వాలి మళ్లీ లేవనని మొండికేసింది. దానిమీద పాత పేపర్లు పడుకుని ఉంటాయి. పొద్దున షట్టరెత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా బాబాయి నిలబడే ఉంటాడు. ఇంటికొచ్చాక కాళ్లు తనవి కానట్టు, పక్కవాడి సామాను మోసినట్టు, ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని మంచం మీదికి ఎత్తి పెట్టుకుంటాడు.

పిన్నిది బట్టల షాపులో పని. అక్కడ కొనేవాళ్లకే గానీ అమ్మేవాళ్లకి కుర్చీలుండవు. సాయంత్రం ఇద్దరూ ఒకే బకెట్టులో వేణ్ణీళ్లు పోసుకుని, నాలుగు పాదాలూ అందులోనే కుక్కి, ఎదురెదురుగా కూర్చుని "టీ నువ్వు పెట్టు" అంటే "నువ్వు పెట్టు" అని పోట్లాడుకుంటారు. అంత పోట్లాడే ఓపికుంటే టీ పెట్టుకోవచ్చుగా అని పై వాటాలోంచి నేను అరిస్తే, ఇద్దరూ ఏకమైపోయి నామీద పడతారు. చివరికి టీ పెట్టేది నేనే.

ఇక ఆయన పనితనం సంగతి. కత్తి పట్టేది కుడిచెయ్యి గనక గొప్పంతా దానిదేనని అందరూ అనుకుంటారు. కాదు. బాబాయి గొప్పంతా ఎడమచేతిలో ఉంది. భుజాన తువ్వాలుంటుంది. కుర్చీలో తల వెనక్కి వాల్చినవాడి కనుబొమ్మ మీంచి ఒక్క నీటిచుక్క జారిందంటే, అది రెప్పని తాకేలోపు ఎడమచెయ్యి తువ్వాలు కొసతో అందుకుంటుంది. బాబాయి అటు చూడను కూడా చూడడు. నోరు కబుర్లు చెబుతుంటుంది, కుడిచెయ్యి గీస్తుంటుంది, ఎడమచెయ్యి కాపలా కాస్తుంటుంది. ఆయనకి పని నేర్పిన గురువు మహా కోపిష్టివాడట. ఎవరి కంట్లోనైనా నురగ పడితే దువ్వెన పళ్లవైపు తిప్పి మెటికల మీద కొట్టేవాడట. ఆ దెబ్బలకి చెయ్యి అలా తయారైంది. మనిషి నిద్రపోతున్నా ఆ చెయ్యి మాత్రం డ్యూటీలోనే ఉంటుందని పిన్ని అంటుంది.

అలాంటి మనిషికి మొదట ద్వారబంధంతో తగాదా మొదలైంది. కుడి భుజం ఎప్పుడు చూసినా దానికి కొట్టుకునేది. "ఈ తలుపు నిన్నటికన్నా ఇరుకైపోయిందే" అనేవాడు. "తలుపు ఇరుకవలేదయ్యా, నువ్వే వెడల్పయ్యావు" అనేది పిన్ని. ఆ తర్వాత టీ గ్లాసు పక్కన టీ పోశాడు. దానికీ నవ్వుకున్నాం. ఓరోజు ఫోటో స్టూడియో ఆయన గడ్డం చేయించుకుంటూ, ముక్కు దురదపెట్టి కుడివైపు నుంచి చెయ్యెత్తాడు. బాబాయికి ఆ చెయ్యి కనపడనే లేదు. కత్తికి మోచెయ్యి తగిలింది. చెవి కింద సన్నగా గీత పడి, ఎర్రగా ఉబికింది.

"కదలకు అని ఊరంతటికీ చెబుతావు, చెయ్యొస్తుంటే కనపడదటయ్యా?" అని స్టూడియో ఆయన లేచి నిలబడ్డాడు.

బాబాయి కత్తి కడిగి బల్లమీద పెట్టి, దానివైపు చాలాసేపు చూశాడు. ఆరోజు మధ్యాహ్నమే షట్టరు దించేసి ఇంటికొచ్చాడు. పట్టపగలు ఆయన ఇంట్లో కనపడేసరికి, ఎవరు పోయారా అని నేను మెట్లు దూకి వచ్చాను.

కంటి డాక్టరు చిన్న వయసు మనిషి. విసుగు మాత్రం పెద్ద వయసుది. ఆయన బాబాయి గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి, కంట్లోకి లైటేసి, "కదలకండి" అన్నాడు. వెనకాల నేను నవ్వాపుకోలేక బయటికి పంపించబడ్డాను. లోపల చెప్పిన సంగతి మాత్రం నవ్వులాట కాదు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగిపోయిందట. నీటికాసులు అంటారట. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు, చెప్పాపెట్టకుండా చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ లోపలికొస్తుంది. కుడిపక్క ఇప్పటికే కొంత పోయింది. పోయింది తిరిగి రాదు.

"చుక్కల మందు రాస్తాను. ఒత్తిడి దిగిందా, ఉన్న చూపు నిలబడుతుంది. దిగలేదా, ఆపరేషను. అప్పటికీ ఆగకపోతే, కత్తెర, కత్తి సంగతి మర్చిపోవాలి" అన్నాడట డాక్టరు.

బాబాయికి వేరే పని రాదు. బండి నడపడం రాదు, కొట్టు పెట్టి అమ్మడం అంతకన్నా రాదు. ఒకప్పుడు పిన్ని బలవంతం మీద సబ్బులు అమ్మబోయి, అడిగినవాడికల్లా అది మంచి సబ్బు కాదని చెప్పి పంపించేశాడు.

కాబట్టి చుక్కలు వేసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున సెలూన్లో, మొదటి గిరాకీ రాకముందు, అద్దం ముందు నిలబడి ఒకసారి. సాయంత్రం షట్టరు దించబోయే ముందు ఇంకోసారి. భుజాన తువ్వాలు, చేతిలో సీసా. సీసాని దువ్వెనల డబ్బాలోనే పెట్టేవాడు. ఒక్కరోజు మానలేదు. జ్వరమొచ్చి దుకాణం మూసిన రోజు కూడా, చుక్కలకోసం షట్టరు సగం ఎత్తి దూరి వేసుకొచ్చాడు. "ఆ సీసా ఇంటికి తెచ్చుకోవచ్చుగా మహానుభావా" అని పిన్ని అంటే, "అద్దం అక్కడుంది" అన్నాడు. ఇంట్లోనూ అద్దముంది. ఆ సంగతి ఎత్తితే ఇంకో గంట పోట్లాట.

మళ్లీ చూపించుకోడానికి వెళ్తే ఒత్తిడి దిగలేదు. డాక్టరు రెండో సీసా కలిపాడు. ఆ పైసారి వెళ్తే ఇంకాస్త పెరిగింది.

"మీరు మందు వెయ్యట్లేదు" అన్నాడు డాక్టరు.

"వేస్తున్నానండీ."

"రోజూ?"

"రెండుపూటలా. ఒకటికి రెండు చుక్కలు ఎక్కువే వేస్తున్నా."

"అందరూ ఇలాగే అంటారండీ. కంట్లో మాత్రం అబద్ధం దాగదు."

ఈ మాట బాబాయికి గుచ్చుకుంది. కన్ను పోతుందన్నప్పుడు కూడా అంత కుంగలేదు. బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. పిన్ని టిక్కెట్టు మడతపెడుతూ, విప్పుతూ, చివరికి అనేసింది.

"నిజం చెప్పయ్యా. అలిసిపోయి ఒక్కోపూట వదిలేస్తున్నావా? నేనేమీ అనను."

"నువ్వు కూడానా?"

"అది కాదు... నెలంతా రావలసిన సీసా సగం నెలకే ఖాళీ అవుతోంది. వెయ్యకపోతే అంత ఎలా అయిపోతుంది? వేస్తే ఒత్తిడి ఎందుకు దిగదు? నాకేం అర్థం కావట్లేదు."

"నీకు అర్థం కాకపోతే నేను దొంగనా?"

అప్పట్నుంచి ఆ ఇంట్లో పోట్లాటలు ఆగిపోయాయి. బకెట్టులో ఒక్కొక్కరే కాళ్లు పెట్టుకునేవాళ్లు. నేను కావాలని టీలో చక్కెరకి బదులు ఉప్పు వేసి ఇచ్చాను, తిడతారేమోనని. ఇద్దరూ నోరెత్తకుండా తాగేశారు. అది చూసి నాకు నిజంగా భయమేసింది.

సెలూన్లో గడ్డాల పని తగ్గిపోయింది. స్టూడియో ఆయన చెవి కింది గీత మానిపోయింది గానీ, దాని కథ మాత్రం రోజురోజుకీ పొడుగవుతోంది. బాబాయి కూడా కత్తి పట్టినప్పుడల్లా మెడ మొత్తం కుడివైపు తిప్పి, ఎవరి చేతులున్నాయో చూసుకుని, మళ్లీ ఇటు తిరిగి, ఒక గీత గీసి, మళ్లీ అటు తిరిగేవాడు. ఒక గడ్డం అయ్యేసరికి కూర్చున్నవాడికి కొత్త గడ్డం మొలిచేట్టుండేది. సాయంత్రానికి కాళ్లతోపాటు మెడ కూడా పట్టేసేది.

ఈసారి ఆసుపత్రికి వెళ్లడమంటే ఆపరేషనుకి రోజు ఖాయం చేసుకోడానికే. ముగ్గురం వెళ్లాం. గోడవారగా వరసగా కుర్చీలు, వాటినిండా ఒక కంటికి గుడ్డ కట్టుకున్నవాళ్లు. పేర్లు పిలిచే నర్సు కాస్త వయసున్న మనిషి, అరిగిపోయిన చెప్పులు, ఎప్పుడో పొద్దున కట్టిన జుట్టు ఊడిపోతూ ఉంది. ఆమె బాబాయి సీసాలు రెండూ చేతిలోకి తీసుకుని, ఎత్తి వెలుగులో చూసింది.

"ఇదెప్పుడు తెరిచారన్నా?"

"పది రోజుల కిందటే అమ్మా."

"పది రోజులకే అడుగంటిందా? తాగుతున్నారా ఏంటి?"

"వేసుకుంటున్నా. ఎవరూ నమ్మరుగా. మీరూ నమ్మకండి."

ఆమె నమ్ముతున్నాననీ అనలేదు, నమ్మననీ అనలేదు. సీసా మూత తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఏదీ, ఒకసారి వేసి చూపించండి."

ఇన్నాళ్లూ డాక్టరు అడిగాడు, పిన్ని అడిగింది, నేనూ అడిగాను. వేశావా, వేశావా అని. వేసి చూపించమని ఒక్కళ్లం అనలేదు.

బాబాయి లేచి నిలబడ్డాడు. అలవాటుకొద్దీ భుజాన తువ్వాలు సర్దుకున్నాడు. తల వెనక్కి వాల్చి, సీసా ఎత్తి, నొక్కాడు. చుక్క ఇంకా గాల్లో ఉండగానే ఎడమచెయ్యి తువ్వాలు కొస పట్టుకుని కంటిమీదికొచ్చేసింది. కన్ను గట్టిగా మూసుకుంది. తువ్వాలు చుక్కని అందుకుని, రెప్పని తుడిచి, మూలల్లో కూడా శుభ్రంగా అద్ది, మళ్లీ భుజమెక్కింది. అంతా రెప్పపాటులో అయిపోయింది. రెండో చుక్కా అంతే. ఆ తర్వాత బాబాయి కళ్లు తెరిచి, "ఇంకేం కావాలి?" అన్నట్టు నర్సువైపు చూశాడు.

నర్సు ఆ తడి తువ్వాలు కొస వేళ్లతో పట్టి చూసింది. "అన్నా, మీరేం పని చేస్తారు?"

"సెలూన్."

"అదీ సంగతి. మందంతా మీ తువ్వాలుకే వేశారన్నమాట. దాని ఒత్తిడి బాగా దిగుంటుంది."

వరసలో ఉన్న ఒంటికన్నువాళ్లందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. ఆమె బాబాయి ఎడమచేతినే చూస్తోంది. బాబాయి కూడా అదే చూసుకుంటున్నాడు, ఎవరి చెయ్యో తన మణికట్టుకి తగిలించినట్టు.

"నేను... తుడిచానా?" అన్నాడు.

"తుడిచావు బాబాయ్. పాలిష్ పెట్టావు" అన్నాను నేను.

నర్సు ఆయన్ని కూర్చోబెట్టింది. "నిలబడి కాదు, ఆనుకుని. ముందు చేతులు కడుక్కోవాలి. తలెత్తి పైకప్పు చూడండి. ఇదిగో, కింది రెప్పని వేలితో ఇలా లాగితే చిన్న జేబులా అవుతుంది చూశారా? చుక్క అందులో పడాలి. సీసా మూతి రెప్పకీ వెంట్రుకలకీ తగలకూడదు."

"రెండు చుక్కలు వెయ్యనా?"

"ఒక్కటి చాలు. కన్ను పట్టేదే అంత. రెండోది వేస్తే చెంప తాగుతుంది. వేశాక మెల్లగా మూసుకోండి. నిమ్మకాయ పిండినట్టు పిండకండి. ఇదిగో ఇక్కడ, ముక్కు పక్కన కంటి మూల, వేలితో నొక్కి పట్టుకోండి. లేకపోతే మందు గొంతులోకి జారిపోతుంది. రెండు నిమిషాలన్నా అలా ఉండాలి. రెండో సీసా వెంటనే వెయ్యకండి, ఓ ఐదు నిమిషాలు ఆగండి. లేకపోతే వెనకొచ్చింది ముందొచ్చినదాన్ని తోసేస్తుంది, బస్సెక్కే జనంలాగా. కాస్త మంటగా ఉంటుంది, ఓర్చుకోవాలి. పైన కారింది తుడుచుకుంటే తుడుచుకోండి, అదంతా అయ్యాక."

ఆమె లోపలికెళ్లి డాక్టరుతో ఏదో చెప్పింది. డాక్టరు బయటికి తొంగిచూసి, బాబాయి తువ్వాలుని చూసి, ఆపరేషను మాట కొన్ని వారాలు పక్కన పెడదామన్నాడు. "మీరు వెయ్యట్లేదని అన్నాను..." అని ఏదో అనబోయాడు గానీ, వెనకాల జనం తోసుకొస్తున్నారు. ఆ మాట అక్కడే ఉండిపోయింది.

తప్పు ఎక్కడుందో తెలిసింది గనక కథ అయిపోయిందనుకుంటే పొరపాటే. ఆ చెయ్యి మాట వినదు. మంచం మీద ఆనుకుని, రెప్ప లాగి పట్టుకోమన్నా, చుక్క పడే క్షణానికి రెప్పని వదిలేసి పైకి తుడవడానికి వచ్చేసేది. నేను తువ్వాళ్లన్నీ దాచేశాను. చొక్కా కాలరుతో తుడుచుకున్నాడు. చొక్కా విప్పించాను. దుప్పటి అంచు దొరికింది. చేతిమీద కూర్చో అన్నాను. కూర్చున్నాడు. చుక్క పడగానే చెయ్యి కిందనుంచి లాక్కుని వచ్చేసింది, మనిషి పక్కకి ఒరిగి మంచం కోడుకి తల కొట్టుకున్నాడు.

"ఒరేయ్, నావల్ల కాదురా" అని కణత పట్టుకుని కూర్చున్నాడు. "కళ్లు పోతే పోనీ. రోజంతా నిలబడి వచ్చి, ఈ చేత్తో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు."

పిన్ని షాపు నుంచి అప్పుడే వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. మంచం అంచున కూర్చుని, ఆయన రెండు చేతులూ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, వాటిమీద తన మోచెయ్యి మోపింది.

"తలెత్తు."

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కునే వచ్చా. పైకి చూడు."

"మెల్లగా వెయ్యి. నీ చెయ్యి వణుకుతోంది."

"పొద్దుట్నుంచి తానులు ఎత్తి దించిన చెయ్యి వణక్క నాట్యం చేస్తుందా? కదలకు!"

నేను గోడకేసి తిరిగి నవ్వుకున్నాను. ఆమె మోచేతి కింద ఆ ఎడమచెయ్యి తాడు కట్టిన కోడిలా కొట్టుకుంది. చుక్క జేబులో పడింది. బాబాయి "అబ్బా" అన్నాడు. అది ఆయన కన్ను మొదటిసారి మందు మంట ఎరిగిన పూట. ఇన్నాళ్లూ అది చల్లగానే ఉంటుందనుకున్నాడు, పాపం.

"ఇలా మండుతుందా ఇది?"

"మండితే మంచిదే. మూల నొక్కుకో" అంది పిన్ని. నొక్కుకున్నాడు. రెండో సీసాకి ఆగాలిగదా అని ఇద్దరూ ఆనుకుని కూర్చున్నారు. ఆ ఐదు నిమిషాల్లో పిన్ని కునికిపాట్లు పడింది. నేను లేపాల్సొచ్చింది.

అలా రోజూ. పొద్దున పిన్ని షాపుకి ఆలస్యమై తిట్లు తినేది, సాయంత్రం అవే తిట్లు ఆమె దగ్గర బాబాయి తినేవాడు. విసిగిపోయి ఒక్కోరోజు "రేపట్నుంచి నువ్వే వేసుకో" అనేది, మర్నాడు మళ్లీ తనే వేసేది. కొన్నాళ్లకి మోచెయ్యి మోపక్కర్లేకుండా ఊరికే చెయ్యి పట్టుకుంటే సరిపోయేది. మరికొన్నాళ్లకి ఆయనే రెప్ప లాగి పట్టుకోగలిగాడు. కానీ చుక్క పడినప్పుడల్లా ఎడమ భుజం ఒక్కసారి అదురుతుంది. అది మానలేదు. మానదు కాబోలు.

కొన్ని వారాలయ్యాక చూపించుకోడానికి వెళ్తే, డాక్టరు యంత్రంలోంచి తల ఎత్తి, మళ్లీ వంచి చూశాడు. "దిగింది" అన్నాడు. "బాగానే దిగింది. ఆపరేషను ఇప్పుడు అక్కర్లేదు."

పిన్ని అక్కడున్న బల్లమీద చతికిలపడింది. "ఇక ఎన్నాళ్లు వెయ్యాలండీ?"

"ఉన్నన్నాళ్లూ."

"ఉన్నన్నాళ్లా?" అన్నాడు బాబాయి నీరసంగా.

"నన్ను చేసుకున్నప్పుడు ఈ ప్రశ్న అడగలేదేం?" అంది పిన్ని. డాక్టరు కూడా నవ్వాడు, విసుక్కోవడం కాసేపు మర్చిపోయి.

బాబాయి నవ్వలేదు. "డాక్టరుగారూ, గడ్డాలు గీయొచ్చా?"

"ఎదురుగా ఉన్న చూపు బాగానే ఉంది. జుట్టు నిక్షేపంగా కత్తిరించండి. కుడిపక్క మాత్రం పోయింది పోయినట్టే. కత్తి విషయం మీరే ఆలోచించుకోవాలి." చీటీ రాస్తూ ఆయనే మళ్లీ అన్నాడు. "నా మెడయితే మాత్రం, క్షమించండి, మీకివ్వను."

బాబాయి తలూపాడు. కోపం రాలేదు. బస్సులో పిన్ని ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది, ఈయన రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు నేను సెలూన్‌కి వెళ్లేసరికి, ఆయన బయట స్టూలు మీద నిలబడి, గడ్డాల కత్తితో అద్దాల తలుపు గోకుతున్నాడు. దానిమీద ఎర్ర రంగుతో 'కటింగ్ - షేవింగ్' అని రాసుంటుంది. 'షేవింగ్'లో ఒక్కో అక్షరాన్నీ, చర్మం తెగకుండా గీసినట్టు, అంచు వెంబడి మెల్లగా ఊడదీస్తున్నాడు. ఎర్రటి పెచ్చులు కాళ్ల దగ్గర రాలుతున్నాయి. రోజూ గడ్డానికొచ్చే ఇద్దరు ముగ్గురు దూరంగా నిలబడి చూసి, ఏమీ అడక్కుండానే రోడ్డు దాటి ఎదురు దుకాణంలోకి వెళ్లారు. ఆయన వాళ్లని చూశాడో లేదో నాకు తెలీదు. వాళ్లు వెళ్లింది కుడివైపు నుంచి.

చివరి అక్షరం కూడా పోయాక స్టూలు దిగి, కత్తి బ్లేడు తీసి చెత్తబుట్టలో వేసి, పిడి మడిచి సొరుగులో పెట్టాడు. తలుపు మీద 'కటింగ్' తర్వాత చిన్న గీత ఒక్కటి మిగిలిపోయింది.

"బాబాయ్, ఆ గీత కూడా తీసెయ్. ఇంకేదో ఉందని జనం లోపలికొచ్చి అడుగుతారు."

"అడగనీరా. కాళ్లు లాగేస్తున్నాయి." ఆయన చేతులు కడుక్కుని, సీసా తీసుకుని, పనిచేసే కుర్చీలో కూర్చున్నాడు, తల వెనక్కి వాల్చి. "ఎవరైనా వస్తే ఆగమను. ఇవి అయ్యేదాకా నేను లేవను."